‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ ఎలా వినాలి: ఏ గిటార్ ఎవరిదో పట్టుకోవడం దగ్గర్నుంచి

ప్రశ్న ఇది: “ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ లైవ్ ఆల్బమ్‌లన్నిట్లో గొప్పదంటారు. రెండుసార్లు విన్నాను. మొదటి రెండు పాటలు బాగున్నాయి. 19 నిమిషాలు, 23 నిమిషాలు ఉన్న పాటల్లోకి వెళ్ళేసరికి దారి తప్పుతున్నాను. రెండు గిటార్లలో ఏది ఎవరిదో తెలియట్లేదు. ఎలా వినాలి? ఏ ఎడిషన్ తీసుకోవాలి?”

దారి తప్పడానికి కారణం పాటల పొడవు కాదండీ. పాట మొదలైన దగ్గర్నుంచీ మీ చెవి పాడే మనిషి కోసమో, గట్టిగా మోగే గిటార్ కోసమో ఎదురుచూస్తోంది. ఈ రికార్డులో ఆరుగురు ఒకళ్ళనొకళ్ళు వింటూ వాయిస్తున్నారు. ఎవరు ఎవర్ని వింటున్నారో మీకు అందడం మొదలైతే 23 నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. దానికి కాస్త సాధన కావాలి, ముందు వినే సరంజామా సరిచేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం స్టీరియో. ఫోన్ స్పీకర్ మీదో, ఒకే ఒక్క బ్లూటూత్ స్పీకర్ మీదో, ఒక చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకునో వింటే ఈ ఆల్బమ్ సగం పోతుంది. రెండు గిటార్లనూ మిక్సింగ్‌లో చెరో పక్కన పెట్టారు. రెండూ కలిసిపోతే ఇక మీరు విడదీయలేరు. ఫోన్‌లో మోనో ఆడియో అనే సెట్టింగ్ ఆన్ అయి ఉందేమో చూడండి; చాలామంది తెలియకుండానే ఆన్ చేసుకుని ఉంటారు. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాటలో కలిపేసేది) ఆపేయండి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా నడిపేది) ఆన్ చేయండి, షఫుల్ ముట్టుకోవద్దు. బాస్ బూస్ట్ కూడా తీసేయండి. ఇందులో బాస్ గిటార్ కింద గుమ్మని మోగే రకం కాదు, పైకి వచ్చి పాడే రకం. బూస్ట్ పెడితే ఆ పాట మట్టిలో కూరుకుపోతుంది. మామూలు తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్ అయినా సరిపోతాయి.

రెండోది, 78 నిమిషాలూ ఒక్క గుక్కలో వినొద్దు. ఇది 1971 జులైలో రెండు ఎల్‌పీ రికార్డులుగా వచ్చింది. అంటే నాలుగు పక్కలు. పాటలు ఏడే. మొదటి పక్కన మూడు, రెండో పక్కంతా ‘యూ డోంట్ లవ్ మీ’ ఒక్కటే, మూడో పక్కన రెండు వాద్య రచనలు, నాలుగో పక్కంతా ‘విప్పింగ్ పోస్ట్’. రోజుకో పక్క చొప్పున నాలుగు రోజులు పెట్టుకోండి. ఆల్బమ్ కట్టినవాళ్ళు పక్కల మధ్య వచ్చే ఆ విరామాలు లెక్కలో పెట్టుకునే కట్టారు.

సందర్భం కాస్త చెప్పాలి. 1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పుట్టి, జార్జియాలోని మేకన్‌లో స్థిరపడ్డ బ్యాండ్ ఇది. డ్వేన్ ఆల్మన్, డికీ బెట్స్ గిటార్లు. డ్వేన్ తమ్ముడు గ్రెగ్ పాట, హామండ్ ఆర్గన్. బెరీ ఓక్లీ బాస్. బుచ్ ట్రక్స్, జైమో ఇద్దరూ డ్రమ్స్. అప్పటికి రెండు స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి, అంతంత మాత్రంగా అమ్ముడుపోయాయి. వాళ్ళ బలమంతా వేదిక మీదే ఉందని వాళ్ళకీ తెలుసు. న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ మీద బిల్ గ్రాహమ్ నడిపే ఫిల్‌మోర్ ఈస్ట్ అనే థియేటర్‌లో, 1971 మార్చి 12, 13 తేదీల్లో, రోజుకు రెండు షోల చొప్పున రికార్డు చేశారు. నిర్మాత టామ్ డౌడ్. బ్యాండ్ కొంతమంది హార్న్ వాద్యకారుల్ని వెంట తెచ్చుకుంటే ఆయన వద్దన్నాడు. శ్రుతి కుదరని బాకాలు ఒక్కసారి టేపుల్లోకి చేరితే తర్వాత విడదీసే వీలుండదు. ఆ రోజు ఆయన గట్టిగా నిలబడ్డాడు కాబట్టే ఇవాళ మీకు గిటార్ల మధ్య ఇంత ఖాళీ వినిపిస్తోంది. షో అయ్యాక టేపులు విని, ఏది బాగా వచ్చింది, ఏది మళ్ళీ వాయించాలి అని తేల్చుకునేవాళ్ళు.

ఇక మొదటి పక్క. ‘స్టేట్స్‌బరో బ్లూస్’ మొదలవగానే జారుతూ, ఏడుస్తున్నట్టు వచ్చే గిటార్ డ్వేన్‌ది. అది ఏ చెవిలో వినిపిస్తోందో చూసుకోండి. అదే డ్వేన్ పక్క, రెండోది డికీ బెట్స్ పక్క. కావాలంటే కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఇక్కడే ఉంది. ఈ ఒక్క పాటను ముందు ఒక చెవితో, తర్వాత రెండో చెవితో, ఆపైన రెండిటితో వినండి. నాలుగు నిమిషాల పాటే, పావుగంటలో పని అయిపోతుంది.

ఆ జారుడు ఎలా వస్తుందో తెలిస్తే ఇంకా బాగా వినిపిస్తుంది. డ్వేన్ ఎడమచేతి ఉంగరపు వేలికి కోరిసిడిన్ అనే జలుబు మాత్రల ఖాళీ గాజుసీసా తొడుక్కునేవాడు. తీగను మెట్టుకు నొక్కడు. సీసాను తీగ మీద ఆనించి నడిపిస్తాడు. చిత్రవీణ వాయించేవాళ్ళను చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. సీసా ఆగాల్సిన చోటు మెట్టుకు సరిగ్గా పైన. వెంట్రుకవాసి ఇటైనా అటైనా స్వరం తప్పుతుంది. ఆరు తీగల్నీ ఓపెన్ ఇ అనే పద్ధతిలో, ఊరికే మీటినా ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) మోగేలా శ్రుతి చేసుకుంటాడు. స్లైడ్, అంటే ఈ జారుడు వాయించేటప్పుడు కుడిచేతిలో మీటు ఉండదు, వట్టి వేళ్ళే. ఒక వేలితో మీటుతూ మిగతా వేళ్ళతో పక్క తీగల్ని అదిమి పడతాడు. లేకపోతే సీసా తగిలిన ప్రతి తీగా మోగి గోల అవుతుంది. స్వరాల మధ్య మీకు వినిపించే ఆ శుభ్రమైన నిశ్శబ్దం కుడిచేతి పని. స్లైడ్ నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది కూడా అక్కడే. అందరూ సీసా మీదే ధ్యాస పెడతారు.

పాటకు మూలం బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ అనే గాయకుడు 1928లో రికార్డు చేసినది. వీళ్ళ బాణీ మాత్రం 1968లో తాజ్ మహల్ అనే పేరున్న అమెరికన్ గాయకుడు చేసిన రూపానికి దగ్గర. రెండో పాట ‘డన్ సమ్‌బడీ రాంగ్’ ఎల్మోర్ జేమ్స్‌ది. ఇందులో మౌత్ ఆర్గన్ వాయించేది అతిథిగా వచ్చిన థామ్ డూసెట్. దాని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు, హాయిగా వినేయండి.

‘స్టార్మీ మండే’ దగ్గర మాత్రం ఆగండి. టీ-బోన్ వాకర్ రాసిన నెమ్మది బ్లూస్. ఇక్కడ పన్నెండు బార్ల లెక్క నేర్చుకోండి, మిగతా ఆల్బమ్‌కంతా పనికొస్తుంది. బార్‌కి నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లు ఇంట్లో ఉంటాం, అంటే షడ్జం మీది కార్డ్. ఐదు, ఆరు బార్లకు మధ్యమం మీదికి వెళ్తాం. ఏడు, ఎనిమిది మళ్ళీ ఇల్లు. తొమ్మిదిలో పంచమం, పదిలో మధ్యమం, చివరి రెండింటికీ తిరిగి ఇంటికి. ఇది అస్థిపంజరం. వీళ్ళు మధ్యలో మెట్లు దిగుతున్నట్టు అదనపు కార్డులు పెట్టారు. అవి గాయకుడు బాబీ బ్లాండ్ చేసిన రూపం నుంచి వచ్చినవి. చేతి మీద లెక్కేస్తూ వినండి. గ్రెగ్ ఆర్గన్ సోలో వచ్చేసరికి మీ లెక్క హఠాత్తుగా కుదరదు. మీ తప్పు కాదది. అక్కడ నడక మూడుకు మారి, జాజ్ వాల్ట్జ్‌లా ఊగడం మొదలుపెడుతుంది. సోలో అవగానే ఏ సైగా వినిపించకుండా ఆరుగురూ ఒక్కసారే పాత నెమ్మది నడకలోకి దిగుతారు. ఆ దిగడాన్ని మూడు నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినండి. అతుకు ఎక్కడుందో కనిపెట్టలేరు.

రెండో పక్క, ‘యూ డోంట్ లవ్ మీ’. విల్లీ కాబ్స్ పాట. మీరు మొదట దారి తప్పింది ఇక్కడే అనుకుంటాను. దీన్ని పాటగా వినకండి. పాట మొదటి కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత బ్యాండ్ మొత్తం ఆగిపోయి డ్వేన్ ఒంటరిగా మిగులుతాడు. తాళం లేదు, తోడు లేదు. ఇక్కడ గమనించాల్సింది అతను విడిచిపెట్టే ఖాళీలు. ఒక వాక్యం వాయించి ఆగుతాడు, హాలు కూడా ఆగుతుంది, జనంలోంచి ఎవరో అరుస్తారు, మళ్ళీ అందుకుంటాడు. తర్వాత ఒక్కొక్కళ్ళే లోపలికి వస్తారు. ఎవరు ముందొచ్చారో, ఎవరు ఆఖర్న చేరారో లెక్కపెట్టడం ఇక్కడ మంచి సాధన. చివర్లో డ్వేన్ ‘జాయ్ టు ద వరల్డ్’ అనే క్రిస్మస్ కీర్తన వరుస అందుకుంటాడు. క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్ళు చప్పున పోల్చుకుంటారు. ఈ పక్క మొదటిసారికే నచ్చకపోతే వదిలేసి మూడో పక్కకి వెళ్ళండి, తర్వాత వెనక్కి రావచ్చు. నా లెక్కలో ఆల్బమ్‌లో కాస్త వదులుగా ఉన్న పక్క ఇదే.

మూడో పక్క మొదట ‘హాట్ లాంటా’, ఐదు నిమిషాలే. ఆర్గన్‌కి, రెండు గిటార్లకి, డ్రమ్స్‌కి అందరికీ చిన్న చిన్న వంతులు. చివర గుమ్మని మోగేవి బుచ్ ట్రక్స్ టింపనీ డ్రమ్ములు. తర్వాతి పాటకు చెవిని సిద్ధం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ముక్క దొరకదు.

ఆ తర్వాతిది ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’. ఈ ఆల్బమ్‌లో ఒక్కటే వినాలంటే ఇదే వినమంటాను. డికీ బెట్స్ రచన. పేరు మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీద నుంచి తీసుకున్నది. మొదట వయొలిన్‌లా ఉబ్బుతూ వచ్చే ధ్వని బెట్స్ గిటారే. వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా తగ్గించి తీగ మీటి, ఆ వెంటనే చిటికెనవేలితో నాబ్ పైకి తిప్పుతాడు. మీటిన దెబ్బ వినపడదు, దాని వెనక వచ్చే నాదం మాత్రమే పైకి లేస్తుంది. ప్రతి స్వరానికీ ఇదే పని. వేలు ఆలస్యమైతే నాదం చచ్చిపోతుంది, తొందరపడితే మీటు టక్కుమని వినిపిస్తుంది.

తర్వాత రెండు గిటార్లూ ఒకే వరుసను కలిసి వాయిస్తాయి. కానీ ఒకే స్వరం మీద కాదు. ఒకటి ‘స’ దగ్గరుంటే రెండోది ‘గ’ దగ్గర, ఒకటి ‘రి’ అంటే రెండోది ‘మ’. ఆ ఎడం కాపాడుకుంటూ జంటగా నడుస్తాయి. మన కచేరీల్లో ఇద్దరు కలిసి వాయిస్తే ఒకే స్వరం పలుకుతారు కాబట్టి మొదట్లో చెవికి ఇది ఒకే లావాటి గిటార్‌లా అనిపించవచ్చు. స్టేట్స్‌బరోలో గుర్తుపెట్టుకున్న పక్కల్ని బట్టి విడదీయండి.

సోలోల వరుస ఇది: ముందు బెట్స్, తర్వాత గ్రెగ్ ఆర్గన్, తర్వాత డ్వేన్, ఆ తర్వాత కాసేపు ఇద్దరు డ్రమ్మర్లు, చివరికి మొదటి వరుస. కర్ణాటక సంగీతం విన్నవారికి ఒక దగ్గరి దారి ఉంది. సోలోల కింద కార్డులు పెద్దగా మారవు. రెండే రెండు అటూ ఇటూ తిరుగుతుంటాయి. వాటి మీద వాడే స్వరాలు డోరియన్ అనే వరుస, అంటే మన ఖరహరప్రియ స్వరాలే. వరసగా కార్డులు మార్చుకుంటూ పోయే బదులు ఒకే స్వరావళి మీద కూర్చుని విస్తరించడం జాజ్‌లో మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ చూపిన దారి. డ్వేన్ వాళ్ళ రికార్డులు విపరీతంగా వినేవాడు. గమకం కోసం వెతక్కండి, అది ఇందులో లేదు. విస్తరణ పద్ధతి చూడండి. బెట్స్ వాక్యాలు పాడుకోదగ్గట్టు, గుండ్రంగా ఉంటాయి. డ్వేన్ చిన్న తునక ఒకటి పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి, ఒక్కో స్వరం మార్చి ఒత్తిడి పెంచుతాడు. ఒకసారి శిఖరం దాకా తీసుకెళ్ళి, అయిపోయిందనుకునేలోపు మొత్తం కిందికి దించి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కిస్తాడు. రెండోసారి ఎక్కేది మొదటిదానికంటే ఎత్తుకు.

ఒకసారి విన్నాక ఇదే పాటను బాస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. బెరీ ఓక్లీ అంతకుముందు గిటార్ వాయించినవాడు. ఫెండర్ జాజ్ బాస్‌కు గిల్డ్ కంపెనీ పికప్ (తీగ కంపనాన్ని పట్టే భాగం) అమర్చుకుని వాయించేవాడు. డ్వేన్ ఒక వాక్యం చివర మెలిక పెడితే రెండు మూడు క్షణాల్లో అదే మెలిక బాస్‌లో కనబడుతుంది. అప్పుడప్పుడు బాసే ముందు పోతుంది, గిటార్లు వెంట వస్తాయి. మూడోసారి డ్రమ్స్ వినండి. నిలకడగా, గూడ్స్ రైలులా తోసుకుపోయేది బుచ్ ట్రక్స్. ఆ తోపు మధ్య సందుల్లో చతుర్లు విసిరినట్టు, అనుకోని చోట దెబ్బ వేసేది జైమో. ఓటిస్ రెడింగ్ వంటి గాయకుల వెంట తిరిగి వచ్చినవాడు, జాజ్ మనిషి. ఇద్దరూ ఒకే పని రెట్టింపు చేస్తున్నారనుకుంటే ఏమీ వినపడదు.

నాలుగో పక్క ‘విప్పింగ్ పోస్ట్’. పాట పేరు చెప్పకముందే జనంలోంచి ఎవరో పేరు అరుస్తారు, సరిగ్గా ఊహించావంటాడు డ్వేన్. బెరీ ఓక్లీ బాస్ మొదలుపెడతాడు. ఇక్కడ లెక్క పదకొండు. నోటితో ఇలా అనండి: తకిట తకిట తకిట తక. మూడు, మూడు, మూడు, రెండు. పాట పల్లవి, చరణాల్లోకి వెళ్ళాక పన్నెండు: తకిట తకిట తకిట తకిట. అంటే మొదట్లో ఒక్క మాత్ర కొరత పెట్టారు. ఆ కొరత వల్లే ప్రతి ఆవృత్తం ముందుకు తూలి పడుతున్నట్టు ఉంటుంది. చరణం రాగానే నేల దొరికినట్టవుతుంది. ఈ పాట రాసిన గ్రెగ్‌కే అది పదకొండని తెలియదు, డ్వేన్ చెబితే తెలిసింది. నాలుగు నాలుగుగా కాలు ఆడిస్తూ వినేవాళ్ళు ఇక్కడే తడబడి, బ్యాండ్ తాళం తప్పిందనుకుంటారు.

మొదటి చరణం తర్వాత డ్వేన్ సోలో, రెండో చరణం తర్వాత బెట్స్‌ది. ఇక్కడిదాకా 1969 నాటి స్టూడియో రూపంలో ఉన్న కట్టుబాటే. అది ఐదు నిమిషాల పాట. ముందు దాన్ని రెండుసార్లు వినండి, దీని అస్థిపంజరం తేలిగ్గా దొరుకుతుంది. స్టూడియో రూపం ఆగిపోయే చోట ఇక్కడ అసలు పని మొదలవుతుంది. సగం దగ్గర తాళం కరిగిపోతుంది. గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు ఒక్కో స్వరం వదులుతారు. చాలామంది ఫోన్ చూసుకునేది ఈ చోటే. వాల్యూమ్ కాస్త పెంచి ఇక్కడే కూర్చోండి. ఎవరూ ఎవరికీ ముందు చెప్పిపెట్టుకోని సంగతి ఇది. ఒకడు ఒక తునక వేస్తాడు, మిగతావాళ్ళు దాన్ని తీసుకోవాలా వద్దా అని తూస్తారు, నచ్చితే అందరూ దాని వెనక చేరతారు. అలా రెండు మూడుసార్లు పోగై, కరిగి, చివరకు గ్రెగ్ గొంతు తిరిగి వచ్చేసరికి పాట ఎంత దూరం పోయి వచ్చిందో ఒంటికి తెలుస్తుంది.

ఎడిషన్ల సంగతి. మొదట ఏడు పాటల అసలు మిక్సే తీసుకోండి. నేను పైన చెప్పిన వరుసంతా దానిదే. 1992లో ‘ద ఫిల్‌మోర్ కాన్సర్ట్స్’ పేరుతో టామ్ డౌడే మళ్ళీ మిక్స్ చేశాడు. అందులో ‘స్టార్మీ మండే’లో మొదట కత్తిరించేసిన మౌత్ ఆర్గన్ సోలో ఉంది. అయితే ‘ఎలిజబెత్ రీడ్’ను రెండు షోల నుంచి అతికారు. పోల్చుకోవడానికి మంచిదే కానీ మొదటి పరిచయానికి వద్దు. 2003 డీలక్స్ ఎడిషన్‌లో ఆ రోజుల్లో వాయించిన మరిన్ని పాటలు దొరుకుతాయి. 2014లో వచ్చిన ఆరు సీడీల పెట్టెలో మార్చి షోలు నాలుగూ, ఫిల్‌మోర్ ఈస్ట్ మూతపడిన 1971 జూన్ 27 నాటి కచేరీ ఉన్నాయి. అది వినేటప్పుడు ‘స్టేట్స్‌బరో బ్లూస్’ను వేర్వేరు షోల నుంచి వరసగా పెట్టుకోండి. ఏది కట్టుబాటో, ఏది అప్పటికప్పుడు పుట్టిందో తేలిపోతుంది.

పాత ఎల్‌పీ కొనేవాళ్ళకు ఒక మాట. పక్కకు 19, 23 నిమిషాలంటే గాళ్ళు ఇరుగ్గా పడతాయి, ధ్వని స్థాయి తగ్గుతుంది. మొదటి పక్కకు పెట్టిన వాల్యూమే నాలుగో పక్కకు చాలదు. పైగా ‘విప్పింగ్ పోస్ట్’ ఉధృతమంతా లేబుల్‌కు దగ్గరగా, సూది వంకర ఎక్కువగా బయటపడే చోట వస్తుంది. అక్కడ బరబర వినిపిస్తే రికార్డు అరిగిందని వెంటనే అనుకోకండి. ముందు కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) కోణం ప్రొట్రాక్టర్ అనే కొలత పలక పెట్టి సరిచూసి, సూది బరువు కంపెనీ చెప్పినంత ఉందో లేదో తూయండి. కొనేటప్పుడు దీపం కింద అన్ని పక్కలూ చూడండి.  అట్ట కూడా చూడండి: జిమ్ మార్షల్ తీసిన ఆ ఫోటో న్యూయార్క్‌ది కాదు, మేకన్‌లోని ఒక ఇటుక గోడ ముందు తీసినది. వెనక అట్ట మీద ఉన్నది సామాను మోసి, వేదిక కట్టిన పనివాళ్ళు.

‘విప్పింగ్ పోస్ట్’ అయిపోగానే ఆపేయకండి. చప్పట్ల కింద టింపనీ ఇంకా మోగుతూనే ఉంటుంది, గిటార్ ఒక కొత్త వరుస అందుకుంటుంది, అంతలో ధ్వని తగ్గిపోతుంది. అది ‘మౌంటెన్ జామ్’ మొదలు. ఆ సాయంత్రం వాళ్ళు ఆగకుండా అందులోకి వెళ్ళిపోయారు. మిగతా 33 నిమిషాలూ 1972లో వచ్చిన ‘ఈట్ ఎ పీచ్’లో ఉన్నాయి. అప్పటికి డ్వేన్ లేడు; 1971 అక్టోబర్ 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో 24 ఏళ్ళకే పోయాడు. ఎల్‌పీ మీద ‘మౌంటెన్ జామ్’ రెండు పక్కలుగా తెగింది, సీడీలో ఒకే ముక్క. ఐదో రోజుకు దాన్ని పెట్టుకోండి, ‘విప్పింగ్ పోస్ట్’ ఆఖరి నిమిషం నుంచి మొదలుపెట్టి.